గోడ ఆరేలోపు

గోడ ఆరడానికి ఇంకో గంట పడుతుంది, నర్సమ్మ బస్సు రావడానికీ గంటే ఉంది, రెండింటిలో ఏది ముందవుతుందో చూద్దామని అతను బెంచీ మీద వెల్లకిలా పడుకుని, కుడి మోచేతి కింద మడతపెట్టిన దుప్పటి సర్దుకుని, ఎదురుగా తడితడిగా మెరుస్తున్న మీగడరంగు గోడనే చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్లు ఊళ్లో ఇళ్లకు రంగులు వేసినవాడికి గడియారంతో పనేముంది, గోడ మెరుస్తోందంటే ఇప్పుడే వేసినట్టు, అంచులు పాలిపోయాయంటే పావుగంట, నడిమధ్య మచ్చలు మచ్చలుగా ఆరుతోందంటే అరగంట, వేలు ఆనిస్తే అంటుకోకుండా చల్లగా తగిలిందంటే గంట దాటినట్టే. వేలు ఆనించి చూడాలని అతనికి అప్పుడే దురదగా ఉంది.

“ముట్టుకోకు,” అంది వంటింట్లోంచి భార్య, బ్రష్షులు కడుగుతూ.

“ముట్టుకోలేదే.”

“ముట్టుకుందామనుకుంటున్నావు.”

ముప్ఫై ఏళ్ల కాపురమంటే ఇదే, మనిషి అవతలి గదిలో ఉన్నా ఈ గదిలో వేలు ఎటు పోతోందో తెలిసిపోతుంది. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే వేరే ఇళ్లలో బూజు దులుపుతారు, దుప్పట్లు మారుస్తారు, ఈవిడ గోడకు రంగు వేస్తుంది. అందుకే ఈ ఇంట్లో ఏ గోడా ఇంకో గోడతో మాట్లాడదు, ఎవరింట్లోనో మిగిలిన పచ్చరంగు వంటింటికి, ఏదో ఆఫీసులో మిగిలిన బూడిదరంగు పడకగదికి, ఈ మీగడరంగు దంతవైద్యుడి గది తాలూకు అడుగు డబ్బా. అన్నం తిని అతను బావమరిది వడ్రంగి కొట్టు దాకా నడిచి వచ్చేసరికి పని అయిపోయింది. వేయక వేయక ఆ గోడకే వేసింది, రెండు నెలలుగా రోజుకో గీత చొప్పున తన భుజం బాగోగులు రాసుకుంటున్న గోడకి. యాభై ఎనిమిది గీతలు, ఒక్కటీ లేదు. నర్సమ్మ వస్తోంది కదా, గోడ నిండా పిచ్చిగీతలు ఏం బాగుంటాయి, గీత కనపడితే నా చెయ్యి ఆగదు, నీకు తెలిసిందే కదా అంది, చేతులు పాతగుడ్డకు తుడుచుకుంటూ. ఆ గీతలు చూడటానికే కదే నర్సమ్మ వచ్చేది అని అరవబోయి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, మళ్లీ మూసుకున్నాడు. ఎందుకు మూసుకున్నావని ఆవిడ అడగలేదు, అడగనందుకు అతనూ సంతోషించాడు.

సంతోషం దాచుకోవడానికి భుజం కొంచెం కదిపాడు. లోపల మడతబందు తుప్పుపట్టినట్టు కిర్రుమంది, నొప్పి మెడ దాకా పాకి, కాసేపు నిలబడి, తన దారిన తాను పోయింది. మూడంతస్తుల ఎత్తున సారవ కర్రల మీద గాలివానలో నిలబడ్డ మనిషి, ఊరందరి సీలింగులూ తల వెనక్కి వాల్చి వేసిన మనిషి, పడింది ఎక్కడయ్యా అంటే సొంత వంటింట్లో, మోకాలెత్తు స్టూలు మీంచి. సముద్రాలు ఈదినవాడు పిల్లకాలువలో మునిగినట్టు. లక్క డబ్బా అటక మీద పెట్టబోయాడు, గోడలో పాత మరకలుంటే పైకి ఉబికి రాకుండా రంగుకు ముందు ఒక పూత లక్క వేస్తారు, ఆ డబ్బా అన్నమాట, అయిదు లీటర్లది. డబ్బా క్షేమంగా అటకెక్కింది, స్టూలు కాలు విరిగింది, అతను కుడిభుజం మీద నేలకొచ్చాడు. ఆ స్టూలు చేసింది బావమరిదే. “స్టూలులో లోపం లేదు బావా, ఎక్కినవాడి బరువులోనే ఉంది లోపం,” అని పరామర్శకు వచ్చి ఆ మహానుభావుడు అన్న మాట. పోయిన స్టూలు బదులు ఇంకోటి చేసిస్తానన్నాడు, మూడు నెలలైంది, ఇంకా చెక్క ఆరుతోందట. లక్క డబ్బాను ఆ రోజు నుంచి ఎవరూ దించలేదు.

అంచులు పాలిపోతున్నాయి. కిటికీ పక్కన ముందు. పావుగంట.

ఎముకల డాక్టరు పట్నంలో ఉంటాడు, పట్నం ఒక పూట బస్సు ప్రయాణం, అంతదూరం వెళ్లినా ఆయన్ని చూడాలంటే పేరు రాయించుకుని ఎనిమిది నెలలు ఆగాలి. ఊళ్లో ఉన్నది ఒక గది ఆసుపత్రి, జ్వరానికీ దగ్గుకూ చాలుతుంది. ఎముక విరగలేదు, లోపల చిరిగిందో బిగుసుకుందో చెప్పాలంటే పెద్ద మిషను కావాలి, అది ఇక్కడ లేదు అన్నాడు అక్కడి డాక్టరు, చేతికి గుడ్డ ఉయ్యాల కట్టించి పంపేశాడు. ఇక ఊరంతా వైద్యులే. దర్జీ వేడినీళ్లన్నాడు, రొట్టెల కొట్టువాడు ఐసుముక్కలన్నాడు, బావమరిదైతే చెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజితే దెబ్బకు దారికొస్తుందన్నాడు, చెప్పి ఊరుకోక పట్టుకోబోయాడు కూడా, అప్పుడు భార్య తన తమ్ముణ్ని చూసిన చూపుకు ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ చూపు అతనికి ఇప్పటికీ ముద్దొస్తుంది. భుజం మాత్రం అలిగిన కొత్తల్లుడై కూర్చుంది, ఎవరెన్ని చెప్పినా లేవలేదు.

నెలకోసారి బస్సెక్కి ఊళ్లు తిరిగే నర్సమ్మ వచ్చాకే దారి దొరికింది. అతని కూతురి వయసుంటుంది, వచ్చీ రాగానే బాబాయ్ అని వరస కలిపేసింది, మందుల చీటీ వెనక కసరత్తులు చేస్తున్న పుల్లల మనుషుల్ని గీసింది. వంగి చేతిని బావి చేదలా వేలాడదీసి ఊపాలి, దానికి బరువు కావాలంటే అర లీటరు రంగు డబ్బా పట్టుకున్నాడు. పడుకుని కర్రను రెండు చేతులతో పైకెత్తాలి, రోలరు కర్ర ఉండనే ఉంది. గోడ ముందు నిలబడి చూపుడు వేలూ నడిమి వేలూ సాలీడు పాకినట్టు గోడ మీద పైకి పాకించాలి, ఎక్కడ ఆగితే అక్కడ గీత గీయాలి. బావమరిది ఇచ్చిన పెన్సిలుతో గీశాడు, వడ్రంగులు వాడేది, నాలుక మీద తడిపితే ఊదారంగు తిరుగుతుంది. మొదటి గీత పొట్ట ఎత్తులో. ఆ రోజు అతను ఏడ్చాడు, ఆవిడ చూడలేదనుకుని ఏడ్చాడు, ఆవిడ చూడనట్టే ఉండి కాసేపాగి టీ తెచ్చి ఎడమచేతి పక్కన పెట్టింది. తర్వాత గీతలు ఛాతీ దాటాయి, గడ్డం దాటాయి, రోజూ పొద్దున గీత గీయగానే నాలుక బయటపెట్టి చూపించేవాడు, ఊదారంగు చూసి ఆవిడ నవ్వేది. ఒకరోజు ఆవిడ కింది పెదవి మీదా ఊదారంగు మరక కనిపించింది. రంగుల ఇంట్లో రంగుకేం తక్కువ, వేలితో తుడిచేశాడు. ఆ తుడిచిన వేలికి ఇప్పటికీ ఆ పెదవి గుర్తుంది.

గడ్డం దాటి, ముక్కు దాటి, కనుబొమల దగ్గర ఆగింది గీత. పదకొండు రోజులైంది, వెంట్రుకవాసి కదల్లేదు. పోయిన నెల నర్సమ్మ స్పష్టంగా చెప్పింది, నేను మళ్లీ వచ్చేసరికి గీత నీ నడినెత్తి దాటి జానెడు పైకి పోవాలి బాబాయ్, పోతే నిచ్చెనెక్కు, పోకపోతే ఈ ఏడాది నీకు నిచ్చెన లేదు, పట్నానికి ఉత్తరం రాస్తాను, ఎనిమిది నెలలు ఆగుదువుగాని. ఎనిమిది నెలలు. వచ్చే వారం బడి హాలు సీలింగు మొదలవుతుంది, ఊళ్లో అంత పెద్ద సీలింగు ఇంకోటి లేదు, ఒప్పుకున్నది ఆవిడ, మనిద్దరం కలిసి చేస్తామనే ఒప్పుకుంది. అతను చేయలేకపోతే ఒక్కతే చేస్తుంది, చేయనని అనదు, అనడం ఆవిడకు రాదు. మూడు నెలలుగా సీలింగులన్నీ ఒక్కతే చేస్తోంది, ఇంతకుముందు పైపని అతనిది, కిందిపని ఆవిడది, లప్పం పూసి గోడ చదును చేయడంలో ఆవిడంత చెయ్యి ఊళ్లో లేదు. ఇప్పుడు సాయంత్రం జుట్టు మీద తెల్లచుక్కలతో వస్తుంది, అన్నం తింటూ తింటూ నిద్రపోతుంది. అది చూడలేక మొన్నొక పొద్దున అతను మునివేళ్ల మీద లేచి, నెత్తికి నాలుగు వేళ్ల పైన ఒక గీత పెట్టాడు. మర్నాడు ఇంకొంచెం లేచి ఇంకోటి. అబ్బో, ఒక్కసారే ఇంత పెరిగిందే అని ఆవిడ మెచ్చుకుంటే, తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ఆ రెండు దొంగగీతలే కదా నర్సమ్మ ముందు పట్టించేవి, కింది గీతలన్నీ చీమల బారులా ఉండి పైన రెండే ఎగిరి కూర్చుంటే ఆ పిల్ల గుడ్డిదా? ఇప్పుడవి లేవు. దేవత నా పెళ్లాం. ఎంతవరకొచ్చింది బాబాయ్ అంటే చెయ్యి గాల్లో చూపించి, ఇదిగో జానెడు పైకి అంటే సరి, రంగు వేసేసింది మీ పిన్ని, ఏం చేయను అంటే సరి. సోమవారం నిచ్చెనెక్కితే సరి. భుజం పోతే పోనీ, ఆవిడ కింద నిలబడి లప్పం కలుపుకుంటుంది.

నడిమధ్య మచ్చలు పడుతున్నాయి. అరగంట. వెలుతురు పక్కనుంచి పడుతుంటే బ్రష్షు జాడలు తేలుతున్నాయి, అలవాటు కొద్దీ వంక వెతికాడు. ఆవిడ ఎప్పుడూ కింది నుంచి పైకి లాగే మనిషి, ఒక్క లాగుడుకు నడుము నుంచి తలదాకా పోయేది బ్రష్షు, ఇవాళ జాడలన్నీ అడ్డంగా ఉన్నాయి, పొట్టిపొట్టిగా, ఛాతీ పైన రోలరు కర్రతో ఏదో అయిందనిపించినట్టు. తొందరపడింది. ఈ మధ్య అన్నీ తొందరే. ముడి కూడా వేసుకోవడం లేదు. పెళ్లైనప్పటి నుంచీ ఆవిడ తల వెనక గట్టి ముడి, సీలింగు పనికైతే పైన రుమాలు, నెల కిందట ఉన్నట్టుండి జుట్టంతా ఎడమభుజం మీదుగా ముందుకు తెచ్చి రబ్బరుబ్యాండు వేసుకోవడం మొదలుపెట్టింది. ఈ వయసులో ఏంటే ఈ సోకు అన్నాడు. నీకు నచ్చలేదా అంది. నచ్చింది, ఆ మాటే చెప్పాడు. చెప్పినందుకు ఆవిడ ఎంతసేపు నవ్విందని, నవ్వుతూ నవ్వుతూ మొహం అటు తిప్పుకుంది.

గోడ మీద ఏదో కదిలినట్టైంది. కన్ను చెదిరిందనుకున్నాడు. పొట్ట ఎత్తులో, ఆరిన మీగడరంగు మీద, సన్నగా ఒక ఊదా నరం. దాని పైన ఇంకోటి. అతను గబుక్కున లేవబోయి భుజం గుర్తొచ్చి మెల్లగా లేచాడు. ఓరి నా తెలివి తెల్లారిపోను, ఊదా పెన్సిలు, తడి తగిలితే మేలుకునే పెన్సిలు, దాని మీద లక్క వేయకుండా రంగు వేస్తే ఊరుకుంటుందా, రంగులోని నీళ్లతోపాటే పైకి వస్తుంది, ఈ సంగతి కొత్తగా బ్రష్షు పట్టినవాడికీ తెలుసు, ముప్ఫై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న ఆవిడకు తెలియదా? తెలియకుండా ఎలా ఉంటుంది. తెలిసి ఎలా వేసింది. తలెత్తితే వంటింటి గుమ్మంలోంచి అటక కనిపించింది, అటక మీద లక్క డబ్బా. బెంచీ ఎక్కినా సరే, రెండు చేతులూ తలపైకెత్తి పట్టుకుంటే గాని దిగని డబ్బా. తనను అడిగితే ఎందుకని అడుగుతాడు. ఆవిడే దించుకోవచ్చుగా. దించుకోలేదు. ఎందుకు దించుకోలేదు అన్న దగ్గర అతని ఆలోచన కాలు జారబోయి ఆగింది.

గీతలు ఒక్కొక్కటే లేస్తున్నాయి, ఛాతీ, గడ్డం, ముక్కు, కనుబొమల దగ్గర పదకొండు గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఒకే లావుపాటి గీతయ్యాయి, వాటి పైన ఆకాశంలో రెండు దొంగగీతలు. సరే, దొరికిపోయాను, నర్సమ్మ రానీ. కానీ అతని చూపు అక్కడ నిలవలేదు. మూరెడు పక్కన, మేకుకు తన పాత రెయిన్‌కోటు వేలాడుతుండే చోట, పనికి పోక మూడు నెలలుగా ఎవరూ తీయని రెయిన్‌కోటు, ఇవాళే తీసి బెంచీ కింద పడేసింది, ఆ చోట గోడలోంచి ఇంకేవో పైకి వస్తున్నాయి. గీతలు కావు. సున్నాలు. చిన్నచిన్న ఊదారంగు సున్నాలు.

గోడ పరీక్ష చేసేటప్పుడు లోపం కనిపించిన చోట అతను గీత పెడతాడు, ఆవిడ సున్నా చుడుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఏ గోడ మీదైనా గీత అంటే అతను, సున్నా అంటే ఆవిడ. లెక్కపెట్టాడు, ఇరవై రెండు. అన్నిటికన్నా పైది మేకు పక్కనే, అతని నెత్తికి కూడా జానెడు పైన, వేళ్లు పాకి ఆగిన చోటు. కిందిది ఆవిడ చెవి ఎత్తులో. అతని గీతలు పొట్ట దగ్గర పుట్టి పైకి ఎక్కుతున్నాయి. ఈ సున్నాలు పైన పుట్టి కిందికి దిగుతున్నాయి, రోజుకు కాస్త, రోజుకు కాస్త, పొద్దున్నే లేచి, రెయిన్‌కోటు పక్కకు జరిపి, నర్సమ్మ చీటీలో పుల్లలమనిషి చెప్పినట్టే వేళ్లు పాకించి, నాలుక మీద పెన్సిలు తడిపి, సున్నా చుట్టి, మళ్లీ కోటు సర్దేసి, నిచ్చెన భుజాన వేసుకుని ఇంకొకరి సీలింగుకు పోయింది. పెదవి మీద మరక. అడ్డం జాడలు. ముడి. నచ్చింది అన్నాడే తాను, సోకన్నాడే. రాత్రుళ్లు అబ్బా అమ్మా అని మూలిగి, ఇక్కడ కాదే ఇంకొంచెం కింద పట్టు అని ఆవిడ చేతే భుజం పట్టించుకున్నాడే, రోలు పోయి మద్దెలతో మొర పెట్టుకున్నట్టు. ఆవిడ పట్టింది కూడా, ఇంకొంచెం కింద, ఎడమచేత్తో. ఎడమచేత్తో ఎందుకని అప్పుడైనా తోచలేదు. అతనికి తన మీద కోపమొచ్చింది, ఆవిడ మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది.

“ఒకసారి ఇలా రా,” అన్నాడు.

బ్రష్షుతోనే వచ్చింది. గోడ చూసింది. బ్రష్షు కొసనుంచి ఒక చుక్క నేల మీద పడింది.

“లక్క డబ్బా పైనుంది,” అంది.

“తెలుసు.”

“చెబుదామనే అనుకున్నా. నువ్వు ఆ నాలుక బయటపెట్టుకుని గీత పెరిగిందని వచ్చేవాడివి, ఎలా చెప్పమంటావు?”

“పైన ఉన్న రెండూ దొంగవి. మునివేళ్ల మీద లేచి పెట్టాను.”

“అదీ తెలుసు. ఒక్కరోజులో నాలుగు వేళ్లు ఎవడి భుజం పెరుగుతుంది.” ఆవిడ నవ్వబోయింది, నవ్వు సగంలో వంకరపోయింది. “సోమవారం హాలు ఎట్లా మరి?”

“నీకు చెవి దాకా వస్తోంది, నాకు కనుబొమల దాకా. ఇద్దరం కలిసి కనుబొమల దాకా వేద్దాం, ఆ పైన ఇంకెవరినైనా చూసుకోమందాం.” అన్నాక తెలిసింది, మూడు నెలలుగా నోట్లో ఇరుక్కున్న మాట ఎంత సులువుగా బయటికొచ్చిందో. “ఇట్లా కూర్చో. బెంచీ మీద కాదు, ఆ డబ్బా మీద. అటు తిరుగు.”

బోర్లించిన రంగు డబ్బా మీద ఆవిడ అటు తిరిగి కూర్చుంది. కూర్చుంటే ఆవిడ తల అతని ఛాతీ దగ్గరికి వచ్చింది, ఛాతీ గీత అతను దాటి నెలైంది, అక్కడ చెయ్యి హాయిగా ఆడుతుంది. రబ్బరుబ్యాండు తీశాడు, జుట్టు వెనక్కి లాగాడు, చెవి వెనక ఎండిన తెల్లచుక్కను గోటితో గీకాడు, జుట్టు మెలితిప్పడం ఎటో తెలియక కాసేపు తాడు పేనినట్టు పేనాడు. ముప్ఫై ఏళ్లు రోజూ చూసిన ముడే, చేయబోతే ఒక్క మలుపూ గుర్తురాదు. ఎడమకు తిప్పు అంది ఆవిడ. తిప్పాడు. లాగకు అంది. లాగలేదు. ఆవిడ మెడ మీద చెమట, కిరసనాయిలు వాసన, ఈ వాసన లేని ఆడమనిషిని తాను ఎలా ప్రేమించగలిగేవాడో అతనికి ఊహకు కూడా అందలేదు. కుడి భుజం మీద వేలు ఆనించాడు, ఆరిందో లేదో చూసినట్టు మెల్లగా. ఆవిడ ఉలిక్కిపడింది, అయినా పక్కకు జరగలేదు.

తలుపు తీసే ఉంది. నర్సమ్మ సంచీ గుమ్మంలో దించి, చెప్పులు విడుస్తూనే లోపలికి చూసింది.

“ఏం బాబాయ్, గోడేది? ఎంతదాకా వచ్చింది?”

అతను ముడి వదల్లేదు, వదిలితే విడిపోతుంది. గడ్డంతో గోడ చూపించాడు. ఆ పిల్ల గీతల దగ్గరకు వెళ్లి కింది నుంచి పైకి చూసుకుంటూ పోయి, పైనున్న రెండు దొంగగీతల దగ్గర కనుబొమలు ముడిచి, ఏదో అడగబోయి, పక్కకు తిరిగి సున్నాల ముందు ఆగిపోయింది. పైనుంచి కిందికి చూసింది. మళ్లీ పైనుంచి కిందికి చూసింది.

“ఇవేంటి బాబాయ్, ఇట్లా దిగిపోతున్నాయి?”

“అవి నావి కాదమ్మా,” అన్నాడు అతను, రెండు చేతులా భార్య ముడి పట్టుకుని. “ముందు అవి చూడు.”